బంటును నడిపే చెయ్యి ఎవరిది?

చదరంగం బల్ల మీద ఒక్కో పక్షానికి పదహారు పావులు. రాజు, మంత్రి ఒక్కొక్కటి, ఏనుగులు, శకట్లు, గుర్రాలు రెండేసి, బంట్లు ఎనిమిది. ఏనుగు నిలువుగా, అడ్డంగా పోతుంది. శకటు ఏటవాలుగా పోతుంది. గుర్రం రెండున్నర గళ్ళు దూకుతుంది. మంత్రి ఏ దిక్కుకైనా ఎంత దూరమైనా పోగలదు. రాజు కదిలేది ఒక్క గడే. అయినా సైన్యమంతా చచ్చేది అతని కోసమే. ఈ ఏర్పాటు మన ఇళ్ళలో, ఊళ్ళలో చూడనిదేమీ కాదు.

పాత చతురంగంలో మంత్రి చాలా బలహీనమైన పావు. ఏటవాలుగా ఒక్క గడి కదిలేది. ఆట యూరప్ చేరాక ఆ పావు రాణి అయింది. 15వ శతాబ్దం చివర్లో దానికి ఇప్పుడున్న బలమంతా వచ్చింది. ఆ నియమాలు మన దాకా వచ్చాయి. బలాన్ని ఒప్పుకున్నాం గాని, తెలుగులో దాని పేరు మంత్రిగానే ఉండిపోయింది. అధికారం ఉన్నచోట ఆడపేరు పలకడానికి మనకు నోరు రాదు కాబోలు!

ఇక బంటు. ముందుకే తప్ప వెనక్కి పోలేదు. అన్నిటికంటే ముందు బలయ్యేదీ అదే. కాని చివరి వరసకు చేరిందా, మంత్రి కాగలదు.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. తర్వాత మన రాష్ట్రం దాన్ని సగం చేసింది. తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లోనూ ఎందరో స్త్రీలు సర్పంచులయ్యారు. బంటు చివరి వరస చేరింది. మంత్రి అయిందా? చాలాచోట్ల సంతకం ఆమెది, పెత్తనం భర్తది. ఊరంతా ‘సర్పంచు గారూ’ అని పిలిచేదీ ఆయన్నే. ఆమె దళిత స్త్రీ అయితే నడిపే చెయ్యి భర్తది కూడా కాదు, ఊరి పెత్తందారుది. నిధుల్లో తేడా వస్తే మాత్రం నోటీసు వచ్చేది సంతకం పెట్టిన ఆమెకే.

ఈ భర్తల పెత్తనం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2023లో కేంద్రం వేసిన కమిటీ 2025లో నివేదిక ఇస్తూ కఠినమైన శిక్షలుండాలని సూచించింది. మంచిదే. అయితే శిక్ష భర్తకు పడాలి గాని, ఆమె పదవికి ఎసరు పెట్టేదిగా ఉండకూడదు. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన ఏం చేసిందో గుర్తుంది కదా! ఎందరు పిల్లలను కనాలో తేల్చే హక్కు లేని స్త్రీకే అది శిక్ష అయింది. మన రాష్ట్రం దాన్ని 2024లో గాని ఎత్తెయ్యలేదు.

‘ఆడవాళ్ళకేం తెలుసు, ఎత్తులు వెయ్యడం వాళ్ళ వల్ల అవుతుందా’ అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. బిడ్డ పుట్టాక తిరిగి వచ్చి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ రాపిడ్ విజేతగా నిలిచింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో నిండు గర్భిణిగా చెన్నై ఒలింపియాడ్‌లో ఆడింది. నేర్పేవాళ్ళు, అవకాశం, ఇంట్లో ఆసరా ఉంటే స్త్రీలు ఎంత దూరం పోగలరో వీళ్ళు చూపించారు. పల్లె సర్పంచుకు కావలసిందీ అవే.

ఒంటరి బంటు సులువుగా చిక్కుతుంది. పక్కపక్కనే నడిచే బంట్లు ఒకదానికొకటి కాపు. సారా ఉద్యమం చెప్పిందీ ఇదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై చిత్తూరుతో సహా ఎన్నో జిల్లాలకు పాకి, వేలంపాటల్ని అడ్డుకుని, 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధింపజేసింది పేరులేని ఆ బంట్లే.

కనుక సంఘాల్లో పనిచేసే మనం చెయ్యాల్సిన పని ఉంది. గ్రామసభలో ఆమె కుర్చీలో ఆమే కూర్చునేలా చూడాలి. చదివి వినిపించని కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పాలి. శిక్షణ తరగతులకు ఆమె బదులు భర్త వస్తే గుమ్మం దగ్గరే ఆపాలి. చంటిబిడ్డతో వస్తే ఆ బిడ్డను చూసుకునే ఏర్పాటు చెయ్యాలి. పెత్తందారు ఎదురు తిరిగిన రోజున ఆమె వెనక పదిమంది నిలబడాలి. చట్టం ఆమెను చివరి గడి దాకా తెచ్చింది. ఆపైన ఎత్తు ఆమే వెయ్యాలి.