గెలిచినవారిని గెలిచినవారు

అనుభవమునకు లోకమున గౌరవ మెక్కువ. అది న్యాయమే. ఆటలయందైనను, వ్యవహారములయందైనను ఒకమారు గెలిచినవాడు మరల గెలుచునని తలచుట సహజము. కాని యీ గౌరవము ముదిరి శాసనమై, "మీరింకను పసివారు, మీ వంతు వచ్చువరకు వేచియుండుడు" అని యువకులను వాకిట నిలువబెట్టు దశకు వచ్చినపుడు దానిని విచారణకు పెట్టక తప్పదు. అట్టి విచారణకు 2012వ సంవత్సరమున అమెరికాలోని ఓక్లహోమా సిటీ బాస్కెట్ బాల్ జట్టు నడపిన పోరాటముకంటె మేలైన సాక్ష్యము మాకు కనబడుట లేదు. ఆ కథ మా పాఠకులలో కొందరు వినియే యుందురు. కాని దానిని ఓటమి కథగా మాత్రమే చెప్పుకొనుట వాడుకయైనది. అది సగము సత్యము. తక్కిన సగమును నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

బాస్కెట్ బాల్ మనకు క్రొత్త యాట కాదు. 1891లో మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు పండ్లబుట్టలను ఎత్తున కట్టించి కల్పించిన యీ యాట వై.ఎం.సి.ఏ. వారి మూలమున మన దేశమునకు వచ్చినది. అమెరికాలో వృత్తిగా ఆడు జట్లు ముప్పది. తూర్పునుండి ఎనిమిది, పడమటినుండి ఎనిమిది జట్లు ప్లేఆఫు పందెములకు వచ్చును. అచ్చట నొక్క ఆటతో తీర్పు లేదు. ఏడాటలలో నాలుగు ముందుగా గెలిచినవారు నిలుతురు. తక్కినవారు ఇంటికి పోదురు. ఇట్లు నాలుగు మెట్లెక్కిననే గాని విజేత కాజాలరు. అదృష్టము ఒక యాటను గెలిపింపవచ్చును. నాలుగు మెట్లు నెక్కింపలేదు. కావుననే అనుభవజ్ఞులకే యీ పందెములని అందరి నమ్మకము.

ఆ నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. 1999 మొదలు 2011 వరకు పదుమూడేండ్లు పడమటి జట్ల తరఫున తుదిపోరునకు వచ్చినవి మూడే మూడు జట్లు: సాన్ ఆంటోనియో స్పర్సు, లాస్ ఏంజిలీసు లేకర్సు, డల్లాసు మావరిక్సు. ఆ పదుమూడు బిరుదులలో పదింటిని వీరే పంచుకొనిరి. లేకర్సువి ఐదు, స్పర్సువి నాలుగు, మావరిక్సుది ఒకటి. నాలుగవ జట్టునకు ఆ ద్వారమున ప్రవేశమే లేకపోయెను.

ఇక ఓక్లహోమావారి పూర్వచరిత్ర చూడుడు. ఈ జట్టు నలుబదియొక్క సంవత్సరములు సియాటిలు నగరమున నుండి 1979లో బిరుదు పొందినట్టిది. 2006లో యజమానులు మారిరి. 2008లో జట్టు ఓక్లహోమాకు తరలెను. తమ జట్టును పోగొట్టుకొన్న సియాటిలు పౌరుల దుఃఖము న్యాయమైనదే. తరతరములుగా ప్రేమించిన ప్రజలకు జట్టుపై హక్కు లేదనియు, క్రయపత్రము గలవానికే సర్వాధికారమనియు ఆ వ్యవహారము చాటినది. ఈ లోపమును మఱచి ఓక్లహోమా కీర్తిని మాత్రమే పాడుట మాకు సమ్మతము కాదు. అయినను ఆ తప్పు ఆటగాండ్రది కాదు.

క్రొత్త ఊరిలో మొదటి సంవత్సరము వారు మొదటి 32 ఆటలలో మూడే గెలిచిరి. ఏడాది ముగియునప్పటికి గెలుపులు 23, ఓటములు 59. కార్యనిర్వాహకుడు శామ్ ప్రెస్టీ పేరుమోసిన వృద్ధయోధులను కొని తెచ్చి పరువు నిలుపుకొన జూడలేదు. 2007లో కెవిన్ డ్యురాంటును, 2008లో రసెల్ వెస్ట్‌బ్రూకును, కాంగో దేశపు బ్రజావిల్లులో పుట్టిన సెర్జ్ ఇబాకాను, 2009లో జేమ్స్ హార్డెనును ఎంపిక చేసి, వారికి ఆట నప్పగించి ఓర్పు వహించెను. మరుసటి సంవత్సరమే 50 గెలుపులు వచ్చినవి. 2010లో లేకర్సు చేతను, 2011లో మావరిక్సు చేతను ఓడిరి. ఆ రెండేండ్లును వారిని ఓడించినవారే బిరుదు పొందిరి.

2012 వసంతమున డ్యురాంటు, వెస్ట్‌బ్రూకులకు ఇరువదిమూడేండ్లు. హార్డెను, ఇబాకాలకు ఇరువదిరెండు. మన దేశములో ఈ ప్రాయమువారిని సభలలో కుర్చీలు వేయుటకు పిలుతురు గాని, కుర్చీలలో కూర్చుండుటకు పిలువరు. వీరు ఏ జట్ల చేతిలో ఓడిరో ఆ జట్లనే వరుసగా ఎదుర్కొనవలసి వచ్చెను.

మొదట మావరిక్సు. తొలి యాటలో కడపటి రెండు సెకనులలోపల డ్యురాంటు వేసిన బంతి బుట్టలో పడి 99-98తో గెలుపు దక్కెను. నాలుగవ యాట చివరి భాగమున మావరిక్సు 13 పాయింట్లు ముందుండగా హార్డెను విజృంభించి దానిని తారుమారు చేసెను. నాలుగాటలలో నాలుగును గెలిచి గతవత్సరపు విజేతలను ఇంటికి పంపిరి. పిమ్మట లేకర్సు. రెండవ యాటలో రెండు నిమిషములు మాత్రమే మిగిలియుండగా ఏడు పాయింట్లు వెనుకబడియు 77-75తో గట్టెక్కిరి. అయిదు బిరుదుల వీరుడైన కోబీ బ్రయంటు ఎదుట నుండగా నాలుగు గెలిచి ఒకటి మాత్రమే ఓడిరి.

మూడవ మెట్టున స్పర్సు. టిమ్ డంకను, టోనీ పార్కరు, మాను జినోబిలి వంటి ఆరితేరినవారి జట్టది. గ్రెగ్ పొపోవిచ్ వంటి గురువు దానికి కలడు. మొదటి రెండాటలను వారే గెలిచి, అంతకు ముందువానితో కలిపి వరుసగా ఇరువది విజయములు పూర్తి చేసిరి. "పసివారి పండుగ ముగిసినది" అని పలువురు తీర్పు వ్రాసిరి. ఆ తీర్పు పైన అప్పీలు మైదానములోనే నడచినది. శిక్షకుడు స్కాట్ బ్రూక్సు పొడవరియైన థాబో సెఫొలోషాను పార్కరుపై నిలిపి స్పర్సు ఆటకు మూలమైన త్రోవను మూయించెను. మూడవ యాట 102-82తో వశమైనది. నాలుగవ యాటలో ఇబాకా పదునొకండు మారులు బుట్టకు గురిపెట్టి ఒక్కటియు తప్పలేదు. అయిదవదానిని శత్రువుల యింటనే గెలిచిరి. ఆరవ యాట సగమగునప్పటికి 15 పాయింట్లు వెనుకబడియుండియు 107-99తో గెలిచిరి. ఆనాడు డ్యురాంటు 48 నిమిషములును విశ్రాంతి లేక ఆడెను. పదుమూడేండ్ల ద్వారపాలకులు మువ్వురును ఒక్క వసంతమున తొలగిపోయిరి.

తుదిపోరున మయామీ హీటు జట్టుతో తలపడి మొదటి యాట 105-94తో గెలిచిరి. తరువాతి నాలుగును ఓడిరి. రెండవ యాట 4 పాయింట్లతో, మూడవది 6తో, నాలుగవది 6తో పోయినవి. రెండవ యాట చివర డ్యురాంటు బంతి వేయునపుడు లెబ్రాన్ జేమ్సు చేయి తగిలినదనియు, న్యాయనిర్ణేత ఈల వేయలేదనియు ఇప్పటికిని వాదించువారు కలరు. ఆ వాదమును మేము స్వీకరింపము. ఒక్క యీలమీద నాలుగు ఓటములను నిలుపరాదు. గెలిచినవారు ఆనాడు మెరుగైనవారు.

ఇచ్చటనే అనుభవపక్షమువారు లేచి, "చూచితిరా! మేము చెప్పిన దిదియే" అందురు. వారికి మా ప్రత్యుత్తరము రెండు మాటలలో నున్నది. మొదటిది: లెబ్రాను జేమ్సు 2007లోను, 2011లోను తుదిపోరున ఓడినవాడే. 2012లో దక్కినది అతని మొదటి బిరుదు. అనుభవ మనునది వయస్సుతో తనంత వచ్చునది కాదు; పెద్ద పోరులో నిలిచి ఓడినవానికి వచ్చునది. పోరులోనికే రానీయక, అనుభవము లేదని నిందించుట ఏటిలో దిగనీయక ఈత రాదనుట వంటిది. రెండవది: ఓక్లహోమావారు పెద్దలను తృణీకరింపలేదు. లేకర్సుతో అయిదు బిరుదులు పొందిన డెరెక్ ఫిషరు, బోస్టనుతో 2008లో బిరుదు పొందిన కెండ్రిక్ పెర్కిన్సు ఆ జట్టులోనే యుండిరి. కాని వారు యువకుల ప్రక్కన నిలిచిరి గాని ద్వారమునకు అడ్డముగా నిలువలేదు. పెద్దరికమునకు తగిన స్థలమదియే.

అయితే ఆ యువకులకు బిరుదేల దక్కలేదు? మా యభిప్రాయమున వారి నోడించినది మయామీ మాత్రమే కాదు. తొందరపాటు, లెక్కలపుస్తకము కూడ. ఆ యేటి అక్టోబరులోనే వేతనపు ఒడంబడిక కుదురక హార్డెనును హ్యూస్టనునకు పంపివేసిరి. మితిమించిన జీతములపై జట్లు చెల్లింపవలసిన పన్ను మునుముందు బరువగు కాలమది. ఆ చిక్కు నిజమే. ఖర్చు చూచుకొనక ఏ సంస్థయు బ్రతుకదు. అయినను ఫలితమును చూడుడు. డ్యురాంటు 2014లో, వెస్ట్‌బ్రూకు 2017లో, హార్డెను 2018లో ఆ వ్యవస్థయందలి ఉత్తమ క్రీడాకారులని గౌరవము పొందిరి. ముగ్గురును ఒక్క పందిరి క్రింద పెరిగినవారే. మూడు ఊళ్ల పాలైరి. 2016లో 73 విజయముల గోల్డెను స్టేటుపై మూడాటలు గెలిచి, నాలుగవది గెలువలేక ఓక్లహోమా ఓడెను. ఆ వేసవిలోనే డ్యురాంటు ఆ ప్రత్యర్థుల జట్టునకే పోయెను. ఒక్క ఓటమి తరువాత ముక్కలైన కూటమి అటుపిమ్మట తుదిపోరును చూడలేదు.

కాని కథ అంతటితో ముగియలేదు. అదే ప్రెస్టీ మరల మొదటికి వచ్చి, మరల యువకులనే చేరదీసి, మరల ఓర్పు వహించెను. 2019లో పాల్ జార్జి నిచ్చి షే గిల్జస్-అలెగ్జాండరును తెచ్చెను. 2025లో ఆ జట్టు 68 ఆటలు గెలిచి ప్లేఆఫులకు వచ్చి, 2023 నాటి విజేతలైన డెన్వరును ఏడవ యాటలో మీరి, తుదిపోరున ఇండియానాను ఏడవ యాటలో 103-91తో జయించెను. 1977 నాటి పోర్ట్‌లండు జట్టు తరువాత అంత పిన్నవయస్సు జట్టు విజేతయై యుండలేదు. 2012లో పోయిన వ్యాజ్యము పదుమూడేండ్లకు నెగ్గినది. నెగ్గినది ఆ యువకులు కాకపోవచ్చును; నెగ్గిన పద్ధతి మాత్రము వారిదే.

దీనినుండి గ్రహింపవలసినవి రెండు. యువకులకు పని నప్పగించుట దయ కాదు, ఆవశ్యకము. అప్పగించిన పిదప, మొదటి ఓటమినాడే లెక్కలు తీసి కూటమిని చెదరగొట్టుట వివేకము కాదు. మొదటిదానికి ధైర్యము వలయును, రెండవదానికి ఓర్పు. ధైర్యమును పొగడువారు అన్ని ఊళ్లలోను పెక్కురు గలరు. ఓర్పు వహించువారు కొందరే. మన సంఘముల, సభల, పాఠశాలల నిర్వాహకులు తమ్ము ఈ రెంటిలో ఏ పట్టికలో చేర్చుకొందురో తామే ఆలోచించుకొందురు గాక.