నీరు కోరెడి కురులు

మిషిగన్ సరస్సు మీదుగా వచ్చెడి జనవరి గాలి చికాగో నగరవీథులను గడ్డకట్టించు దినములలో, అచ్చటి నల్లజాతి స్త్రీలు తమ సహజకేశములు ఎండి తెగిపోకుండ కాపాడుకొనుటకు వారమువారమును వెచ్చించెడి కాలమును, ఓపికను చూచి, అదియంతయు అలంకారప్రియత్వమని తేలికగా తలంచువారు మనలోను కలరు. ఆ స్త్రీలతో ఒకే కార్యాలయమున పనిచేయుచున్న తెలుగువారు కొందరు ఆ జుట్టును మొండిజుట్టని చెప్పుకొనుట నేను వినియున్నాను. ఆ మాట అన్యాయమైనది. ఆ జుట్టునందు దిద్దవలసిన దోషమేదియు లేదు. దానికి నీరు కావలెను, ఆ నీటిని నిలుపుకొనుటకు తీరిక కావలెను.

తలచర్మమున ఊరెడి సహజతైలము తిన్నని వెండ్రుకపై సులువుగా జారి కొసదాక ప్రాకును. మొదలునుండియే స్ప్రింగువలె మెలికలు తిరుగుచు పెరిగెడి వెండ్రుకపై మాత్రము అది ముందునకు సాగలేక కుదుళ్ళయొద్దనే నిలిచిపోవును. అదియునుగాక, మలుపు గలచోటనెల్ల పైపొరలోని పొలుసులు కొంచెము లేచియుండుటచేత లోపలి తేమ త్వరగా వెలికిపోవును, వెండ్రుక అచ్చటనే తెగును. ఇక శీతకాలపు గాలి సంగతి. సున్న డిగ్రీలయొద్ద ఘనమీటరు గాలి ఇముడ్చుకొనగల నీటియావిరి ఇంచుమించు 5 గ్రాములు. ఆ గాలినే ఇంటిలో హీటరుతో 22 డిగ్రీలకు వెచ్చచేసితిమేని, 19 గ్రాములను ఇముడ్చుకొను శక్తి దానికి కలుగును గాని, అందలి ఆవిరి ఒక్క గ్రామైనను పెరుగదు. ఆ లోటును అది మన చర్మమునుండియు, కేశములనుండియు పూరించుకొనును. అందుచేత బయటి చలికంటె ఇంటిలోని వెచ్చదనమే ఆ జుట్టునకు ఎక్కువ కీడు చేయుచున్నదని చెప్పవచ్చును.

జుట్టు ఎండినదనగానే నూనెగిన్నెకై చేయి చాచుట మన ఇండ్లలోని అలవాటు. నూనె నీటిని పుట్టింపదు. ఉన్న నీటిని పోనీయక కావలి కాయును. పొడిజుట్టునకు ఎంత ఆముదము పట్టించినను జిడ్డు మిగులును గాని తేమ చేరదు. ఈ మర్మమెరిగిన స్త్రీలు మొదట జుట్టును నీటితో తడిపి, పిదప నూనె రాచి, ఆపైన ఘానా, బుర్కినా ఫాసో వంటి పశ్చిమాఫ్రికా దేశముల స్త్రీలు గింజలనుండి తీసెడి షియా వెన్ననో, మరియొక చిక్కని క్రీమునో పూయుదురు. ఈ విషయమున మన కొబ్బరినూనెకు ఒక విశిష్టత కలదు: అది వెండ్రుక లోపలికి చొరబడి, తలకడుగునపుడు కలుగు మాంసకృత్తుల నష్టమును తగ్గించుననియు, ఖనిజతైలము గాని పొద్దుతిరుగుడునూనె గాని ఆ పని చేయజాలవనియు రేలే, మోహిలే అను భారతీయ పరిశోధకులు 2003లో ప్రకటించిరి.

ఇట్టి జుట్టును వారమునకో రెండు వారములకో ఒకమారు కడిగిన చాలునని అమెరికా చర్మవైద్యుల అకాడమీ చెప్పుచున్నది. ఉన్నిటోపీ నేరుగా తగిలినచో రాపిడికి వెండ్రుకలు తెగును గావున లోపల శాటిన్ వస్త్రము కుట్టించుకొందురు. రాత్రివేళ తలకు శాటిన్ టోపీ తొడుగుకొందురు. ఆరని తలతో చలిలోనికి పోరు. చలికాలమంతయు సన్నజడలు అల్లుకొని యుండుటయు మంచిదే, కాని బిగించి అల్లినచో కణతలయొద్ద జుట్టు శాశ్వతముగా ఊడిపోవచ్చును. ఈ ముప్పును తల్లులు బిడ్డల విషయమున తప్పక గుర్తుంచుకొనవలెను.

ఇంత శ్రమ ఏల, మందుపెట్టి తిన్నగా చేయించుకొనరాదా అని అడుగువారికి చికాగో చరిత్రమే కొంత సమాధానము చెప్పును. 1954లో అచ్చట జార్జి జాన్సన్ స్థాపించిన సంస్థ మొదట పేరు గడించినది జుట్టును తిన్నగా చేయు మందులతోనే. తరువాత, నల్లజాతివారు తమ కేశములను సహజరూపముననే గర్వముతో పెంచుకొన నారంభించిన కాలమున, ఆ సంస్థయే ఆఫ్రో షీన్ అను కేశసంరక్షణ సామగ్రిని తెచ్చినది. ఆత్మగౌరవము మారగా అంగడియు మారినది. ఇక ఆరోగ్యము సంగతి: 33,497 మంది అమెరికా స్త్రీలను పరిశీలించి 2022లో వెలువడిన అధ్యయనమున, జుట్టును తిన్నగా చేయు మందులను ఏడాదిలో నాలుగు మారులకు మించి వాడినవారికి, వాడనివారికంటె గర్భాశయ క్యాన్సరు ముప్పు రెట్టింపునకు పైగా కనబడినది. తన సహజకేశము ఉద్యోగమునకో బడికో తగదను భయముచేత ఒక స్త్రీ ఇట్టి మందును తలకెక్కించుకొనవలసి వచ్చుటకంటె గొప్ప అన్యాయమేమి కలదు?

ఈ విషయముతో మనకు సంబంధము లేదనుకొనరాదు. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలు వేలములో అమ్ముడై, విగ్గులుగాను, అతుకుజుట్టుగాను రూపొంది దేశాంతరములకు పోవుచున్నవి. వానిని ధరించువారిలో అమెరికా నల్లజాతి స్త్రీలు అనేకులు. ఆ అతుకుజుట్టు క్రింద అల్లియుంచిన సొంతజుట్టునకు గూడ శీతకాలమున తేమ అందింపవలసినదే.

ఇందాక చెప్పిన ఉద్యోగభయమునకు చట్టము కొంత విరుగుడు చూపుచున్నది. జుట్టు రీతినిబట్టి వివక్ష చూపరాదని అమెరికా రాష్ట్రములలో 2019లో కాలిఫోర్నియా మొట్టమొదట శాసనము చేసినది. ఉద్యోగస్థలములకు వర్తించు అట్టి శాసనమే చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రమున 2023 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దేశమంతటికి వర్తింపవలసిన బిల్లును ప్రతినిధుల సభ 2022 మార్చిలో ఆమోదించినను, అది సెనేటును దాటలేదు. ఓటుహక్కు గల అమెరికా తెలుగువారు తమ సెనేటర్లకు ఈ విషయమై లేఖలు వ్రాయవలెననియు, తమ పిల్లలు బడిలో తోటి బాలికల జడలను వింతగా తాకి చూడకుండ ముందే చెప్పవలెననియు నా విన్నపము.