కరెంటు పెడితే రంగు పోతుంది, చౌడు పోదు



ఫ్యాక్టరీ మురుగు సంగతి అడిగితే, "కరెంటుతో శుద్ధి చేసే మిషన్లు వచ్చాయి, భయమెందుకు?" అనేవాళ్లున్నారు. ఆ మిషను అబద్ధం కాదు. పాత కాగితాన్ని నానబెట్టి మళ్లీ కాగితం చేసే మిల్లుల్లో సిరా, నారపొట్టు కలిసి నీళ్లు మురికిగా వస్తాయి. వాటిలో ఇనుప పలకలో, అల్యూమినియం పలకలో ముంచి కరెంటు పారిస్తే, పలక కొంచెం కొంచెం కరిగి మురికిని గడ్డ కట్టిస్తుంది. గడ్డ తీసేస్తే నీళ్లు తేటపడతాయి.

తేటపడినంత మాత్రాన పైరుకు పనికిరావు. కరిగిన సోడియం ఆ గడ్డలో చేరదు. గ్లాసులో కనపడదు, చేలో కనపడుతుంది. నేల బిగుసుకుపోయి, నీళ్లు ఇంకక చౌడు తేలుతుంది.

ఇది మనకెందుకంటారా? పులివెందుల పక్కన తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం 2012లో మొదలైంది. రోజుకు 3,000 టన్నుల ఖనిజం ఆడించే సామర్థ్యం దానిది. ఇక్కడి రాయి సున్నపురాయి జాతి కాబట్టి యాసిడ్ బదులు సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ వాడతారు. వ్యర్థాలు కొట్టాల దగ్గరి చెరువుకు పోతాయి. బోర్లు చెడిపోయాయని, అరటి ఎండిపోతోందని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకున్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి షోకాజ్ నోటీసు ఇచ్చింది. కంపెనీ మాత్రం తప్పు ఒప్పుకోలేదు.

వాదమంతా యురేనియం ఎంతుందన్న దాని చుట్టూ తిప్పుతున్నారు. తాగే నీళ్లకు అది ముఖ్యమే. కానీ యురేనియం హద్దులోనే ఉందని కాగితం చూపిస్తే సోడియం లెక్క తేలినట్టేనా? అరటి చెట్టుకు ఆ కాగితం చదవడం రాదు.

మన డిమాండ్లు ఇవి:

1. చెరువు చుట్టూ ఉన్న ప్రతి బోరు నీళ్లు ఎండాకాలం, వానాకాలం రైతుల ఎదుటే పట్టాలి. కంపెనీతో సంబంధం లేని ల్యాబులో యురేనియంతో పాటు సోడియం, సల్ఫేటు, కార్బొనేట్లు పరీక్షించాలి. రిపోర్టు తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి.

2. చెరువు అడుగున ఊట దిగకుండా ఏం పరిచారో రైతులకు చూపించాలి.

3. చెడిపోయిన పొలానికి, పోయిన పంటకు పరిహారం ఇవ్వాలి. చెడగొట్టినవాడే ఖర్చు భరించాలని 1996లోనే రాజస్థాన్ బిఛ్రీ గ్రామం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇది పులివెందుల గొడవ అని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రైతులు ఊరుకోవద్దు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ ప్లాంటు మన పొలాల పక్కనే ఉన్నాయి. ఎవరు ఏ మిషను చూపించినా ముందు ఒకటే అడగండి: "రంగు సరే, ఉప్పు ఎక్కడికి పోతుంది?"