స్టెతస్కోపు పక్కన పెట్టి: గాలి ఉన్నా సాగని పడవ

పోయిన నెల రక్తపోటు గురించి రాస్తే, "డాక్టరుగారూ, ఆదివారం నాడు కూడా ఉప్పు మానమనే చెబుతారా?" అని ఒక సోదరి ఉత్తరం రాశారు. అందుకని ఈసారి ఉప్పునీటి మీద ప్రయాణం గురించి రాస్తున్నాను.

మా ఆసుపత్రిలో మత్తుమందిచ్చే డాక్టరు మిత్రుడికి 28 అడుగుల తెరచాప పడవ ఉంది. ఆగస్టులో ఒక ఆదివారం ఆయనతో నేనూ, పదకొండేళ్ళ మా అబ్బాయీ లిమింగ్టన్ నుంచి సోలెంట్ జలసంధి మీదుగా వైట్ ద్వీపంలోని కౌస్ రేవుకు వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి మాకు ఎదురు. ఆటు నీరేమో పడమటికే లాగుతోంది. గాలీ నీరూ ఎదురెదురైతే అక్కడ అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. సరిగ్గా అప్పుడే తాడు చుట్టే మరలో పడి మిత్రుడి వేళ్ళు నలిగాయి. ఇంజను చూస్తే మొరాయించింది. ఆయనకు కట్టు కట్టి, లోపల పడుకోబెట్టి, చుక్కాని నేను పట్టాను.

ఎదురుగాలికి తెరచాపలు బిగించాలని నేర్చుకున్నాను గనుక బిగించాను. పడవ ఊగిందే గాని సాగలేదు. ఇంకా బిగించాను. నిలబడిపోయింది. పొద్దు వాలుతోంది. "నాన్నా, ఇంత గాలి ఉంది కదా, పడవెందుకు ఆగింది?" అన్నాడు మావాడు. నా దగ్గర జవాబు లేదు. లోపలి నుంచి మిత్రుడు కేకేశాడు: "తాడు కొంచెం వదులు చెయ్యి. గాలికి మరీ ఎదురు పోకు." అలాగే చేశాను. నాలుగైదు అలలు దాటేసరికి పడవ నడక అందుకుంది.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. ఎదురుగాలిలో తెరచాప గాలిని పట్టే సంచి కాదు, నిలబెట్టిన విమానం రెక్క. గాలి దాన్ని సరైన కోణంలో తాకాలి. గుంటూరులో గాలి లేని రోజు కూడా స్కూటరు మీద వెళితే మొహానికి గాలి కొట్టేది కదా! పడవకూ అంతే. 10 నాట్ల గాలికి 45 డిగ్రీల కోణంలో, 5 నాట్ల వేగంతో పడవ పోతోందనుకుందాం. రెండూ కలిసి తెరచాపకు తగిలేది 14 నాట్ల గాలి, ముందు నుంచి 30 డిగ్రీల కోణంలో.

ఇది నిలకడ నీటి లెక్క. అలల మీద ముక్కు మూడు సెకన్లకొకసారి 5 డిగ్రీలు పైకీ, 5 డిగ్రీలు కిందికీ ఊగితే, 10 మీటర్ల ఎత్తున ఉన్న కొయ్య కొన సెకనుకు 1.8 మీటర్ల దాకా వేగంతో ముందుకూ వెనక్కూ విసురుతుంది. ముక్కు దిగేటప్పుడు అక్కడ గాలి 17 నాట్లు, కోణం 24 డిగ్రీలు. లేచేటప్పుడు 11 నాట్లు, 39 డిగ్రీలు. ఒకటిన్నర సెకనులో 15 డిగ్రీల తేడా! కింద డెక్కు దగ్గర మాత్రం పెద్ద మార్పుండదు.

బిగించిన తెరచాప ఈ తేడాకు తట్టుకోలేదు. ముక్కు లేచినప్పుడు గాలి దాని వీపును వదిలి సుడి తిరుగుతుంది. దిగినప్పుడు తెరచాప రెపరెపలాడుతుంది. వదులు చేస్తే పైభాగం కొంచెం తెరుచుకుని, పొట్ట కొంచెం పెరిగి, ఆ మార్పులను సహిస్తుంది. గాలికి కాస్త పక్కగా పోతే అలను చీల్చే బలం కూడా వస్తుంది.

మరో సంగతి. కోణం మారిన క్షణానే గాలి ప్రవాహం మారదు, కాస్త వెనకబడుతుంది. ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్ గాలి సొరంగంలో నమూనా పడవను ఊపుతూ కొలిస్తే, తెరచాప బలం గీత వెళ్ళిన దారిన తిరిగి రాలేదు, ఉంగరంలా చుట్టు తిరిగింది. ఇది వైద్యులకు కొత్త కాదు. ఊపిరితిత్తుల్లోకి గాలి నింపేటప్పుడు ఒత్తిడికీ పరిమాణానికీ గీసిన గీత, ఖాళీ చేసేటప్పుడు మరో దారిన దిగుతుంది. ఆ బొమ్మ వేసి పరీక్ష పాసయ్యాను. తెరచాపలో మళ్ళీ కనిపిస్తుందనుకోలేదు.

మిత్రుడి వేళ్ళు విరగలేదు. మావాడికి వారం తర్వాత జవాబు చెప్పాను: "తప్పు గాలిది కాదురా. నేనే తెరచాపను ఊపిరి తీసుకోనివ్వలేదు."

వచ్చే నెల మళ్ళీ ఉప్పు సంగతే.