మారినవాని పాత లెక్క



బుద్ధుని కథలలో అంగుళిమాలుని కథ మీలో అనేకులు వినియే యుందురు. కోసల దేశములో ఒక బందిపోటు. చంపినవారి వ్రేళ్లను మాలగా గ్రుచ్చి మెడలో వేసుకొన్నవాడు. వాడొకనాడు బుద్ధుని వెంట పడెను. బుద్ధుడు మామూలు నడకన పోవుచుండగా, వాడు ఎంత పరుగెత్తినను అందుకొనలేకపోయెను. నిలువుమని కేక వేసెను. తాను నిలిచియే యున్నాననియు, నిలువవలసినవాడు నీవేననియు ఆయన బదులు చెప్పెను. దొంగ ఆయుధములను పారవేసి, పాదముల మీద పడి, భిక్షువుగా చేర్చుకొనుమని వేడుకొనెను. ఆయన చేర్చుకొనెను.

చెప్పువారు సాధారణముగా ఇక్కడ ఆపుదురు. వినువారు చప్పట్లు కొట్టుదురు. పాపి మారినాడు, పాతది గతించినది, ఇక ఎవరును ఏమియు అడుగరాదు అని తీర్పు చెప్పి లేచిపోవుదురు. నేను ఆ చప్పట్లకు విరోధిని. ఒకప్పుడు వాటిని కొట్టించినవాడను గనుక మరింత విరోధిని.

నేను చేసిన తప్పు ముందు చెప్పవలెను. ఒక గ్రామములో ఒక పెద్దమనిషి, వయసులో నున్నప్పుడు, అప్పు కాగితమని చెప్పి ఒక విధవరాలి చేత వేలిముద్ర వేయించుకొని, ఆమె అరయెకరమును తన పేర వ్రాయించుకొనెను. ఏండ్లు గడచిన తరువాత ఆయన మారెను. అది నటన కాదు. త్రాగుడు మానెను, నోరు అదుపులో పెట్టుకొనెను, ఎవరికి జబ్బు చేసినను బండి కట్టించి పంపెను. నేను సంతోషించి ఆ విధవరాలి ఇంటికి పోయి, ఆయన మీది కోపము విడిచిపెట్టుమని బోధించితిని. ఆ బోధలో అంగుళిమాలుని కథ కూడ చెప్పితిని. ఆమె చేతిలోని చాట క్రింద పెట్టి, "అయ్యగారూ, ఆయన మారాడండీ, చాలా సంతోషం. నా అరెకరం మాత్రం ఆయన పొలంలోనే ఉందండీ" అనెను.

నాకు నోట మాట రాలేదు. జక్కయ్య కథ ముప్పది ఏండ్లుగా ప్రసంగించుచున్న నేను ఆ దినమున దానిని మరచి, పొరుగువారి గ్రంథమునుండి సగము కథను తెచ్చి ఆమె ముందర పెట్టితిని. ఆ మిగిలిన సగము సంగతి ఏమిటని ఇంటికి వచ్చి ఆ సుత్తమును మొదటినుండి చివరివరకు చదివితిని. అది మజ్ఝిమ నికాయములో 86వ సుత్తము.

అంగుళిమాలుడు కాషాయము కట్టిన తరువాత ఒకనాడు శ్రావస్తి వీధులలో భిక్షకు పోయి, ప్రసవ వేదనలో నలిగిపోవుచున్న ఒక స్త్రీని చూచెను. మనసు కరగి, వచ్చి బుద్ధునితో చెప్పెను. నీవు పోయి, పుట్టినది మొదలుకొని తెలిసి ఏ ప్రాణిని చంపలేదని పలుకుము, ఆ సత్యబలముచేత ఆమెకు క్షేమము కలుగును అని బుద్ధుడు చెప్పగా, అది తెలిసి చెప్పిన అబద్ధమగును గదా అని అతడు ఆగెను. అప్పుడు బుద్ధుడు మాటను మార్చి, ఆర్యజన్మము పొందినది మొదలుకొని అని చెప్పుమనెను. ప్రియులారా, ఈ చోటును నెమ్మదిగా చదువుడి. మారినవాడు తన పాత దినములను వాక్యములోనుండి కొట్టివేయుటకు ఒప్పుకొనలేదు. మారిన తేదీ మారిన తేదీయే. దాని వెనుకటి లెక్క దాని వెనుకనే యున్నది.

తరువాతి సంగతి ఇంకను కఠినమైనది. అతడు సాధన చేసి అర్హతుడయ్యెను, అనగా బౌద్ధుల లెక్క ప్రకారము విముక్తి పొందెను. అటుపిమ్మటనే, ముందు కాదు, ఒకనాడు భిక్షకు పోగా ఎవరో విసరిన మట్టిగడ్డ ఒకటి, కఱ్ఱ ఒకటి, పెంకు ఒకటి వచ్చి అతనికి తగిలెను. తల పగిలి నెత్తురు కారుచు, భిక్షాపాత్ర బ్రద్దలై, పైబట్ట చినిగి అతడు తిరిగి వచ్చెను. బుద్ధుడు అతనిని చూచి, ఓర్చుకొనుము, అనేక సంవత్సరములు నరకములో అనుభవింపవలసిన కర్మఫలమును నీవిప్పుడే అనుభవించుచున్నావు అని చెప్పెను. ఆయన నగరవాసులను పిలిచి, ఇతడు మారినాడు, మీరు మరచిపోండని బోధింపలేదు. ఓర్చుకొనుమను మాటను దెబ్బలు తిన్నవానికే చెప్పెను. నేనో, ఆ మాటను విధవరాలికి చెప్పివచ్చితిని.

అతడు తక్షశిలలో చదివిన మంచి విద్యార్థియనియు, గురువు వేయి వ్రేళ్లు దక్షిణగా అడిగినందున హంతకుడయ్యెననియు మరియొక కథ కలదు. అది తరువాతి వ్యాఖ్యానములలోనిది. పాత సుత్తములో ఈ సాకు లేనేలేదు. మనకు మాత్రము ఈ సాకే బాగుగా జ్ఞాపకముండును!

జనులు గొణిగిన సంగతి వినయ పిటకములోని మహావగ్గములో నున్నది. దొంగను భిక్షువుగా చేర్చుకొనిరేమి అని వారు దూషింపగా, ఇకమీదట పేరుమోసిన దొంగను సంఘములో చేర్చుకొనరాదని బుద్ధుడు నియమము చేసెను. అప్పులవానిని చేర్చుకొనరాదని కూడ అదే భాగములో నున్నది. ఋణదాత వెదకుచుండగా కాషాయము చాటున దాగుటకు వీలులేదు.

ఇక చదువుకొన్నవారు ఒక వాదము తెచ్చుదురు. బౌద్ధ మతములో స్థిరమైన ఆత్మ లేదు గదా, నిన్నటివాడు వేరు, నేటివాడు వేరు, అట్లయితే మారినవానిని పాత నేరము ఎట్లు అడుగుదురు? ఈ వాదము వారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. మిలింద పన్హములో గ్రీకు రాజైన మిలిందుడు నాగసేనుని ఇదే విధముగా అడిగెను. నాగసేనుడు మామిడిపండ్ల దొంగను ముందర పెట్టెను. ఒకడు పరుల తోటలో మామిడిపండ్లు దొంగిలించి పట్టుబడెను. తోటయజమాని నాటిన టెంక వేరు, నేను కోసిన పండు వేరు, అందుచేత నేను ఆయన సొత్తు తీసికొనలేదు అని వాదించెను. ఏ రాజు ఒప్పుకొనును? ఆ టెంకనుండియే ఈ పండు వచ్చినది గనుక శిక్ష తప్పదు. మన తోటలలో పంట కోసినవాడు ఈ వాదము చేసినయెడల కావలివాడు ఏమి చేయునో మీకు తెలియును. వేలిముద్ర వేయించుకొన్నవాడు మరియొకడు, నేటి పెద్దమనిషి మరియొకడు అనుటయు ఆ మామిడిపండ్ల దొంగ మాటయే.

రాజులలో కూడ చూడుడి. తండ్రి బింబిసారుని చంపిన అజాతశత్రువు బుద్ధుని యెదుట తప్పు ఒప్పుకొనెను. బుద్ధుడు ఆ ఒప్పుకోలును అంగీకరించెను. అయితే రాజు లేచిపోయిన తరువాత, తండ్రిని చంపియుండనియెడల ఇతనికి ఈ ఆసనము మీదనే ధర్మదృష్టి కలిగియుండునని భిక్షువులతో చెప్పెను.

అశోకుని పశ్చాత్తాపమును మనము మరింత మెచ్చుకొందుము. పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు అతడు కళింగను జయించెను. 1,50,000 మంది చెరగొనిపోబడిరి, 1,00,000 మంది చంపబడిరి, అంతకు అనేక రెట్లు చనిపోయిరి అని తన 13వ శిలాశాసనములో తానే వ్రాయించి దుఃఖపడెను. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడ ఆ శాసనమున్నది. కళింగలోనే లేదు. ధౌళి, జౌగడల వద్ద ఆ శాసనమును విడిచిపెట్టి, దానికి బదులు వేరు శాసనములు చెక్కించిరి. ఎవరినీ అకారణముగా చెరలో వేయవద్దని, హింసింపవద్దని అధికారులకు ఆజ్ఞాపించుట వాటిలో నున్నది. అది మేలే, కాదనను. అయితే చెరగొనిపోయినవారిని తిరిగి పంపిన మాట 13వ శాసనములో లేదు. లోకమంతటికి చెప్పిన దుఃఖమును దెబ్బతిన్నవారి గుమ్మములో చెప్పకపోవుట మన ఊళ్లలో కూడ నేను చూచితిని.

అంగుళిమాలుని కథ మీద కూడ నాకొక ఫిర్యాదు కలదు. చంపబడినవారి ఇండ్లకు ఎవరైన పోయినట్లు అందులో లేదు. ఆ లోటు వినయ పిటకములో చుల్లవగ్గములోని ఒక చిన్న సంగతి వలన కొంత తీరును. చిత్తుడను గృహస్థు తన్నడుగక ఇతర పెద్ద భిక్షువులను భోజనమునకు పిలిచెనని సుధమ్ముడను భిక్షువు కోపించి, నువ్వుల పిండివంట మాట ఎత్తి అతనిని ఎగతాళి చేసెను. ఇంతే నేరము. సంఘము అతనిని, పోయి ఆ గృహస్థుని క్షమాపణ అడుగుమని ఆజ్ఞాపించెను. అతడు ఆ ఊరివరకు పోయెను, సిగ్గుపడెను, అడుగలేక తిరిగి వచ్చెను. అప్పుడు సంఘము చాలునులే అనలేదు. తోడుగా మరియొక భిక్షువునిచ్చి మరల పంపుమనెను.

ఇది చదివిన తరువాత నేను ఆ విధవరాలి యింటికి పోలేదు. పెద్దమనిషి యింటికి పోయితిని. "ఆ సంగతి ఇప్పుడెందుకండీ అయ్యగారూ" అనెను. మూడవసారి పోయినప్పుడు కండువా వేసుకొని నాతో బయలుదేరెను. ఆమె వాకిటిలోని వేపచెట్టు వరకు వచ్చి, అక్కడినుండి వెనుకకు తిరిగిపోయెను. సుధమ్ముడు జ్ఞాపకము వచ్చి నేను కోపపడలేదు. మరుసటి వారము మరల పోయితిమి. ఈసారి ఆయన నిలువబడియే, తల వంచుకొని, కాగితము సంగతి ఉన్నదున్నట్లు చెప్పెను. బుధవారమున రిజిస్ట్రారు కచేరికి వచ్చి తిరిగి వ్రాసి ఇచ్చెదననెను.

ఆమె చాలసేపు ఏమియు మాటలాడలేదు. తరువాత నా వైపు చూచి, "స్టాంపుల ఖర్చు ఎవరిదండీ అయ్యగారూ?" అని అడిగెను.