జనవరి పట్టికలో ఆఖరి పేరు

సంక్రాంతికి పుట్టింటికి వెళితే అరిసెల కంటే ముందు వడ్డించేది ఒకటుంటుంది. "మీవాడికి ఎన్ని మార్కులొచ్చాయి?" అన్న ప్రశ్న. బాగా వచ్చినవాళ్ల అమ్మలు హాల్లో కూర్చుంటారు. రానివాళ్ల అమ్మలకి వంటింట్లో ఏదో ఒక పని దొరుకుతుంది.

2019 సంక్రాంతికి నాకు వంటింట్లో చాలా పని దొరికింది. మా పెద్దవాడు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే కాలేజీ. డిసెంబరు ఆఖర్లో వాణ్ణి పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి దించారు. ఆ రోజు నేను వాడితో ఒక మాటన్నాను. "మీ నాన్న కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు కదరా" అని. తెలుగు బీఏ చదివినందుకు సామెతలు మాత్రం సమయానికి నోటికొస్తాయి. ఆ రోజు నుంచి వాడు కంచం పట్టుకెళ్లి తన గదిలో తినడం మొదలుపెట్టాడు.

మా చెల్లెలు అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉంటుంది. ఆ జనవరి మొదటి వారంలో ఫోన్ చేసి, "మావాడు అన్నం మానేశాడక్కా" అంది. పదేళ్ల పిల్లాడికి ఏం కష్టమొచ్చిందని అడిగితే, వాడి టీమ్ అందరికంటే ఆఖర్న ఉందట. ఏం టీమ్ అంటే ఐస్ హాకీ టీమ్. నవ్వొచ్చింది నాకు. మనకి తెలిసిన హాకీ ధ్యాన్‌చంద్ హాకీ. మంచు మీద కత్తిబూట్లు వేసుకుని, రబ్బరు బిళ్ల వెంట పడే ఆట గురించి నాకేం తెలుసు? కానీ ఆ ఏడాది జూన్ దాకా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా మాకు ఆ టీమ్ కబుర్లే. ఇప్పుడు మళ్లీ ఆ కథ ఎందుకు తీశానంటే, మీలో చాలామంది ఇళ్లలో ఈపాటికి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే రోజు వచ్చే ఉంటుంది.

ముందు కథ చెబుతాను. సెయింట్ లూయిస్ బ్లూస్ అనే ఆ టీమ్ 1967లో మొదలైంది. ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద బహుమతి స్టాన్లీ కప్. యాభై ఏళ్లు దాటినా ఆ కప్పు వాళ్ల ఇంటి గడప తొక్కలేదు. ఆ ఏడాది లీగ్‌లో 31 టీములు. ఒక్కో టీము 82 ఆటలు ఆడాలి. గెలిస్తే 2 పాయింట్లు, అదనపు సమయంలో ఓడితే 1. సీజన్ మొదట్లోనే బ్లూస్ తడబడింది. నవంబరు 19న కోచ్ మైక్ యియోని తీసేసి, క్రెయిగ్ బెరూబేని తాత్కాలికంగా పెట్టారు. డిసెంబరులో ప్రాక్టీసు చేస్తూ చేస్తూ సొంత ఆటగాళ్లే ఇద్దరు, బోర్టుజ్జో, శాన్‌ఫర్డ్, కొట్టుకున్నారు. జనవరి 3న పట్టిక చూస్తే 37 ఆటలకి 34 పాయింట్లు. 31 టీముల్లో 31వ స్థానం. నిండా మునిగినవాడికి చలేమిటన్నట్టుంది వాళ్ల పరిస్థితి.

జూన్ 12న అదే టీము బోస్టన్ వెళ్లి, ఫైనల్లో ఏడో ఆట 4-1తో గెలిచి, తన చరిత్రలో మొదటి స్టాన్లీ కప్ ఎత్తింది.

ఈ కథని మన వాట్సాప్ గ్రూపుల్లో పెడితే కింద ఏం రాస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే" అని, రెండు దణ్ణాల బొమ్మలు. నాకు అది నచ్చదు. మిగతా 30 టీములకీ పట్టుదల లేదా? ఆఖర్న ఉన్న ప్రతి టీముకీ కప్పు రాదు. ఆఖర్న ఉన్న ప్రతి పిల్లాడికీ ర్యాంకు రాదు. వస్తుందని చెప్పి పిల్లల మీద ఇంకో బరువు పెట్టడానికి నేను ఇది రాయడం లేదు. నేను చూసేది జూన్ 12ని కాదు, జనవరి 3ని. ఆ రోజున కప్పు వస్తుందని ఎవరికీ తెలియదు. ఏమీ తెలియని ఆ రోజుల్లో వాళ్లు ఏం చేశారు, ఏం చేయలేదు అన్నదే మనలాంటివాళ్లకి పనికొచ్చేది.

మొదటిది, వాళ్లు టీమ్‌ని తెగనమ్ముకోలేదు. ఇలాంటి స్థితిలో మంచి ఆటగాళ్లని వేరే టీములకి ఇచ్చేసి, వచ్చే ఏడాది సంగతి చూసుకుందాం అనడం అక్కడ మామూలే. వీళ్లు అలా చేయకుండా ఉన్నవాళ్లతోనే ఆడారు. పులుసు మరుగుతుండగా మనం రుచి చూసేది ఎందుకు? ఉప్పు చాలకపోతే వేయడానికి, పులుపు ఎక్కువైతే బెల్లంముక్క వేయడానికి. సగం మరిగిన పులుసు రుచి చూసి ఎవరూ సింకులో పారబోయరు. మరి సగం ఏడాదిలో వచ్చిన మార్కులు చూసి పిల్లాణ్ణి ఎందుకు పారబోస్తాం? ఆ మార్కులు ఏం తక్కువైందో చెప్పడానికి పెట్టినవి. వాటిని తీర్పు చేసింది మనమే.

రెండోది, మూల కూర్చున్నవాణ్ణి ఒకసారి లేపి చూశారు. జోర్డన్ బినింగ్‌టన్ అనే గోల్‌కీపర్. 2011లో టీమ్ ఎంచుకున్న కుర్రాడు. ఏళ్లకేళ్లు చిన్న లీగుల్లోనే ఉండిపోయాడు. ముందు ఏడాది వాణ్ణి వేరేవాళ్ల చిన్న టీముకి, అదీ బోస్టన్ వాళ్ల దానికి, అరువిచ్చారు. సీజన్ మొదట్లో గోల్‌కీపర్ల వరుసలో వాడు నాలుగోవాడు. అంటే మన ఇళ్లలో "పాతికేళ్లొచ్చాయి, ఇంకా సెటిల్ కాలేదు" అనిపించుకునే కుర్రాడన్నమాట. జనవరి 7న మొదటిసారి మొదటి నిమిషం నుంచీ ఆడనిచ్చారు. ఫిలడెల్ఫియాకి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత వాడు మొదలుపెట్టిన ఆటల్లో 24 గెలిచారు. మధ్యలో వరసగా 11 ఆటలు గెలిచారు. చివరికి 99 పాయింట్లు.

వాడి గురించి అందరూ రాశారు. నాకు మాత్రం జేక్ అలెన్ గుర్తుంటాడు. అప్పటిదాకా మొదటి గోల్‌కీపర్ అతనే. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికి చోటిచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత నాకౌట్‌లో టీము 26 ఆటలు ఆడితే 26కీ బినింగ్‌టన్‌తోనే మొదలుపెట్టారు. కప్పు మీద అలెన్ పేరూ చెక్కారు. కొత్త కోడలికి పోపులపెట్టె అప్పగించి పక్కకి జరిగిన అత్తగారిని, తమ్ముడి చదువు కోసం తన చదువు ఆపుకున్న అక్కని ఎరిగిన మనకి, ఆ బెంచీ మీద కూర్చోవడం ఎంత బరువో తెలియనిది కాదు. అలాంటివాళ్ల పేరు మన ఇళ్లలో ఎక్కడ చెక్కుతాం?

మూడోది, అన్యాయం జరిగిన రోజున వాళ్లు ఇల్లు కూల్చుకోలేదు. మే 15న శాన్‌హోసేతో ఆట. అదనపు సమయంలో ఎదుటి ఆటగాడు చేత్తో బిళ్లని అందించాడు. అది తప్పు. రిఫరీలు చూడలేదు. గోల్ అయిపోయింది, ఆట పోయింది. అప్పటి నియమాల ప్రకారం దాన్ని మళ్లీ చూడటానికి కూడా వీల్లేదు. చెల్లెలి కొడుకు ఆ రాత్రి దిండు తడిపేశాడట. ఆటగాళ్లు మాత్రం దానిమీదే కూర్చోకుండా తర్వాతి మూడు ఆటలూ గెలిచి ఫైనల్‌కి వెళ్లారు. ఆ తర్వాతి సీజన్ నుంచి అలాంటి గోళ్లని వీడియోలో మళ్లీ చూసేలా నియమం మార్చారు. అన్యాయాన్ని అన్యాయమనే అనాలి. కానీ ఆ రాత్రే అందరం ఒకరినొకరు నువ్వంటే నువ్వని అనుకుంటే మర్నాటి ఆట ఎవరాడతారు?

ఇంకొకటి చెప్పాలి. ఈ ఆటలో ఒక్కొక్కరు మంచు మీద ఉండేది నిమిషం లోపే. ఆయాసం రాగానే బెంచీ మీదకి వచ్చేస్తారు, ఇంకొకరు దూకుతారు. ఆట ఆగదు. ఇది విన్నప్పుడు చెల్లెలితో అన్నాను, "మనల్ని కూడా ఇలా మార్చేవాళ్లుంటే మనమూ కప్పులు గెలుద్దుమే" అని. నవ్వుకున్నాం గానీ, అందులో నిజం లేకపోలేదు. ఆ డిసెంబరులో వాడి చదువు భారమంతా నా ఒక్కదాని నెత్తిన ఉందనుకున్నాను. అలసిపోయిన మనిషి నోటినుంచే ఆ బూడిద మాట వచ్చింది. ఆ రోజు మావారిని "మీరు మాట్లాడండి" అని నేను పక్కకి జరిగుండాల్సింది.

పట్టికని నమ్మొద్దనడానికి అదే ఏడాది ఇంకో రుజువు కూడా ఉంది. ఆఖరి టీము సంగతి చెప్పాను కదా, మొదటి టీము సంగతి వినండి. టాంపా బే లైట్నింగ్ 82 ఆటల్లో 62 గెలిచి, 128 పాయింట్లతో అందరికంటే పైన నిలిచింది. నాకౌట్ మొదటి రౌండులోనే కొలంబస్ చేతిలో వరసగా నాలుగు ఆటలు ఓడి ఇంటికెళ్లింది. వాళ్లు కోచ్‌ని తీసేయలేదు. మరుసటి ఏడాది 2020లో కప్పు గెలిచారు. ఆ ఏడాదే మన బ్లూస్ తమ విభాగంలో మొదటి స్థానంలో ఉండి కూడా మొదటి రౌండులోనే ఓడిపోయింది. ఆఖరి పేరు శాశ్వతం కాదు, మొదటి పేరూ కాదు. పై సెక్షన్ పిల్లల అమ్మలూ, ఇది మీకు కూడా.

కొందరు అడగొచ్చు, "అక్కడ కోచ్‌ని తీసేశారు కదా, మార్పు లేకుండా ఎలా?" అని. నిజమే, మార్పు కావాలి. నేను ఏమీ చేయకుండా కూర్చోమనడం లేదు. అయితే అక్కడ ముందు మార్చింది నడిపేవాణ్ణి, ఆడేవాళ్లని కాదు. పిల్లాడి మార్కులు తగ్గితే మన ఇళ్లలో ముందు ఎవరు మారతారు? వాడి సెక్షన్ మారుతుంది, వాడి ఫోన్ పోతుంది, వాడి ఆట ఆగుతుంది. నడిపే మన మాటతీరు మాత్రం అలాగే ఉంటుంది.

ప్రాక్టీసులో కొట్టుకున్న ఆ ఇద్దరూ ఫైనల్లో గోల్ వేశారు. బోర్టుజ్జో రెండో ఆటలో, శాన్‌ఫర్డ్ ఏడో ఆటలో. శాన్‌ఫర్డ్‌కి సీజన్ మొదలయ్యే ముందే తండ్రి పోయాడు. ఆ సంగతి చెల్లెలు చెప్పినప్పుడు నాకు గొంతు పట్టేసింది. డిసెంబరులో కొట్లాట చూసినవాళ్లకి ఆ కుర్రాడి కోపం కనిపించి ఉంటుంది. ఆ కోపం కింద ఏముందో ఎంతమందికి కనిపించిందో. నా కొడుకు కంచం పట్టుకుని గదిలోకి వెళ్లినప్పుడు నాకూ వాడి పొగరే కనిపించింది.

సంక్రాంతి నుంచి తిరిగొచ్చాక ఒక రాత్రి నేనే నా కంచం పట్టుకుని వాడి గదిలోకి వెళ్లాను. క్షమించమనడం మన పెద్దరికానికి రాదు. "సెయింట్ లూయిస్‌లో ఒక టీముందిరా, ముప్పై ఒకటికి ముప్పై ఒకటి" అని మొదలుపెట్టాను. వాడు తల ఎత్తకుండానే, "అయితే నాకంటే నయమే. మా కాలేజీలో ఎంతమందో నీకు తెలుసా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత వాడే చెప్పాడు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, మూడు నెలలుగా.

మావాడికి ఏ ర్యాంకూ రాలేదు. మామూలు డిగ్రీ చదివాడు, మామూలు ఉద్యోగం చేసుకుంటున్నాడు. మా ఇంట్లో ఎత్తడానికి కప్పేమీ లేదు. వాడు ఆదివారం ఇంటికొస్తే వంటింట్లోకి వచ్చి, గరిట లాక్కుని పులుసు రుచి చూసి, "ఉప్పు తక్కువైందమ్మా" అంటాడు. నేను వేస్తాను.

ఈసారి ప్రోగ్రెస్ కార్డు మీ చేతికొచ్చినప్పుడు సంతకం పెట్టండి. మాట మాత్రం మర్నాటికి దాచుకోండి.