జార్ల సంస్కరణలు: ఎవరి దానం?

రష్యా జార్ చక్రవర్తులను మహా సంస్కర్తలని కీర్తించేవారు నేటికీ ఉన్నారు. ఆ సంస్కరణల చిట్టా ఒకమారు విప్పి చూద్దాం.

1861లో రెండవ అలెగ్జాండర్ అర్ధబానిస రైతాంగానికి విముక్తి ప్రకటించాడు. కాని తరతరాలుగా తాము దున్నిన భూమికే ఆ రైతులు 49 సంవత్సరాలపాటు వాయిదాలు చెల్లించాలన్నాడు! ఆ బాకీల రద్దును ప్రకటించినది 1905 విప్లవం చెలరేగిన తరువాతనే.

1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్ జౌళి కార్మికులు సమ్మెకట్టారు. మరుసటి సంవత్సరమే పనిదినాన్ని పదకొండున్నర గంటలకు పరిమితం చేస్తూ చట్టం వచ్చింది. 1905 అక్టోబరులో రైళ్ళు, కర్మాగారాలు స్తంభించాయి. గత్యంతరం లేక రెండవ నికొలస్ పౌరహక్కులను, శాసనాధికారం గల డ్యూమాను వాగ్దానం చేశాడు.

ఉద్యమం వెనుకంజ వేయగానే జరిగిందేమిటి? 1907 జూన్‌లో అదే నికొలస్ రెండవ డ్యూమాను రద్దుచేసి, ఎన్నికల చట్టాన్ని భూస్వాములకు అనుకూలంగా తిరగరాశాడు. కార్మిక సంఘాలు వందలాదిగా మూతపడ్డాయి. 1912లో లీనా బంగారు గనుల సమ్మెకారులపై సైన్యం కాల్పులు జరిపింది. కంచే చేను మేసింది!

సోదరులారా! ఏలిక దయతో ఇచ్చినది ఏలిక ఆగ్రహంతో పోతుంది. పోరాడి సాధించుకొన్న హక్కుకైనా సంఘటిత శక్తియే నిత్య కాపలా. ఆ కాపలా సడలిన నాడు చట్టం చిత్తుకాగితమే!